చమురు ఎగుమతి నిషేధం తొలగింది అక్టోబరులోనా, డిసెంబరులోనా?

అమెరికా ముడి చమురు ఎగుమతులపై నిషేధం 2015 అక్టోబరులో తొలగిందని ఒక పుస్తకంలో, డిసెంబరులో అని మరొక పుస్తకంలో ఉందని, పరీక్షలో ఏది రాయాలని అడిగారు. నిస్సందేహంగా డిసెంబరు అని రాయండి.

అక్టోబరు 9న అమెరికా ప్రతినిధుల సభ ఈ నిషేధాన్ని ఎత్తివేసే హెచ్.ఆర్. 702 బిల్లును 261-159 ఓట్లతో ఆమోదించిన మాట నిజమే. కానీ ఒక సభ గడప దాటినంత మాత్రాన బిల్లు చట్టం కాదు. పైగా వీటో తప్పదని శ్వేతసౌధం ముందే హెచ్చరించింది. చివరికి అదే అంశాన్ని భారీ బడ్జెట్ కేటాయింపుల చట్టంలో చేర్చారు. రిపబ్లికన్లు కోరిన దీనికి బదులుగా పవన, సౌర విద్యుత్తుకు పన్ను రాయితీల పొడిగింపు డెమొక్రాట్లకు దక్కింది. డిసెంబరు 18న ఒబామా సంతకం చేశారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని మాత్రం వదిలిపెట్టకండి, నా దృష్టిలో జవాబుకు ప్రాణం అదే.

మీరు పంపిన జవాబు చిత్తుప్రతిలో ఒక సవరణ అవసరం. 1973లో అరబ్బు దేశాలు అమెరికాకు చమురు అమ్మకాలు ఆపేసిన తర్వాత, 1975లో వచ్చిన చట్టమే ఈ నిషేధానికి మూలం, అది సరిగ్గానే రాశారు. అయితే 'చమురు ఉత్పత్తులన్నింటిపై నిషేధం' అన్న వాక్యం తీసేయండి. 2015 నాటికి పెట్రోలు, డీజిలు స్వేచ్ఛగానే ఎగుమతి అవుతున్నాయి. కెనడాకైతే ముడి చమురు కూడా లైసెన్సుతో వెళ్లేది.

మన దేశం గురించి ఒక వాక్యం కావాలంటే, 2017 అక్టోబరులో ఇండియన్ ఆయిల్ కొన్న అమెరికా ముడి చమురు పారాదీప్ రేవుకు చేరిన సంగతి చేర్చండి.