ధార సన్నగా వస్తే పంపు కొనేయాలా? చన్నీళ్ల పైపులపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా నీళ్ల గురించే. గీజర్ల సంగతి ఇంకోసారి చూద్దాం, ఇప్పటికి చన్నీళ్ల లైన్ల వరకే.

ప్రశ్న: ట్యాంకు మా స్లాబు మీదే ఉంది. అయినా పై అంతస్తు షవర్‌లో నీళ్లు దారంలా వస్తాయి, కింద అంతస్తులో మాత్రం బ్రహ్మాండంగా వస్తాయి. ప్లంబర్‌ని పిలిస్తే ప్రెషర్ పంపు పెట్టాల్సిందే అంటున్నాడు. పెట్టించమంటారా?

ఆగండి, ఇంకా కొనకండి. ముందు ఒక టేపు పట్టుకుని ట్యాంకు అడుగు నుంచి షవర్ తల దాకా నిలువు ఎత్తు ఎంతుందో కొలవండి. నీళ్లకు ఒత్తిడి వచ్చేది ఆ ఎత్తు వల్లే. 10 మీటర్ల ఎత్తుకు దాదాపు 1 బార్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) వస్తుంది. మీ స్లాబు మీద ట్యాంకుకీ షవర్‌కీ మధ్య ఒకటిన్నర మీటర్లే ఉంటే మీకు దక్కేది 0.15 బార్, అంతే. కింది అంతస్తుకు ఇంకో 3 మీటర్లు కలుస్తాయి కాబట్టి అక్కడ 0.3 బార్ అదనం, అందుకే అక్కడ బ్రహ్మాండం. పెద్ద ట్యాంకు పెడితే ఒత్తిడి పెరుగుతుందని చాలామంది అనుకుంటారు గానీ 500 లీటర్లదైనా 2000 లీటర్లదైనా నీటి మట్టం ఒకే ఎత్తులో ఉంటే ఒత్తిడీ ఒకటే.

ఇప్పుడు షవర్ తల విప్పేసి, ఉత్త పైపు నుంచే బకెట్ నింపి చూడండి. బకెట్ గబగబా నిండిందంటే లైనులో లోపం లేదు, షవర్‌లోనే ఉంది. రంధ్రాల్లో ఉప్పు పేరుకుని ఉంటుంది, వెనిగర్‌లో నానబెట్టి బ్రష్‌తో రుద్దితే పోతుంది. లేదా ఆ షవర్‌కి అసలు ఎక్కువ ఒత్తిడి కావాలేమో, వెడల్పాటి షవర్లు చాలావాటికి 1 బార్ దాకా అడుగుతాయి. డబ్బా మీద రాసి ఉంటుంది, కొనే ముందు ఎవరూ చదవరు.

షవర్ తీసినా ధార సన్నగానే ఉందా? ట్యాంకు దగ్గరి గేట్ వాల్వ్ పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడండి. అదీ సరిగ్గా ఉంటే పైపు సైజు చూడాలి. ట్యాంకు నుంచే అరంగుళం పైపు దించేసి దాని మీదే రెండు బాత్రూములు, వంటగది వేలాడదీసిన ఇళ్లు కోకొల్లలు. ఒకే ఒత్తిడి దగ్గర పైపు లోపలి వెడల్పు రెట్టింపయితే వచ్చే నీళ్లు సుమారు ఐదారు రెట్లవుతాయి. అందుకని ట్యాంకు నుంచి దిగే ప్రధాన లైను ఒకటి లేదా ఒకటింపావు అంగుళం, బాత్రూముకి వెళ్లే కొమ్మ ముప్పావు, చివర కుళాయికి మాత్రమే అరంగుళం ఉండాలి. మీరు షవర్ కింద ఉండగా వంటగదిలో ఎవరైనా కుళాయి తిప్పితే ధార సగానికి పడిపోతోందంటే, ఉమ్మడి పైపు ఇరుకని అర్థం.

ట్యాంకును 2 మీటర్ల స్టాండు మీదికి ఎక్కిస్తే ఇంకో 0.2 బార్ వస్తుంది. కానీ 1000 లీటర్ల నీళ్లంటే ఒక టన్ను బరువు. ఆ బరువు స్లాబులో ఎక్కడ పడాలో ఇంజినీరు చెప్పాలి, వెల్డింగ్ పనివాడు చెప్పకూడదు. ఇవన్నీ చూశాక కూడా చాలకపోతే అప్పుడు పంపు పెట్టండి, మీ ప్లంబర్ మాట అప్పుడు రైటే. దాన్ని ట్యాంకు నుంచి బయటికి వచ్చే లైనులోనే పెట్టాలి. వీధి పైపుకి నేరుగా మోటారు తగిలించి లాగితే ఆ పైపులో ఒత్తిడి పడిపోయి, పగుళ్లలోంచి చుట్టుపక్కల మురుగు లోపలికి వస్తుంది. అది మీతో పాటు ఆ లైను మీదున్న అందరూ తాగుతారు.

ప్రశ్న: ట్యాంకు ఖాళీ చేసి కడిగించాం. మళ్లీ నిండా నింపినా వంటగది కుళాయికి మాత్రం నీళ్లు రావడం లేదు, కాసేపు గుర్రుగుర్రుమని ఆగిపోతోంది. పైపు పగిలిందేమోనని టెన్షన్‌గా ఉంది.

పగల్లేదమ్మా, గాలి పట్టింది. పైపు ఎక్కడో పైకి లేచి మళ్లీ కిందికి దిగుతోంది, తలుపు మీదుగానో సన్‌షేడ్ చుట్టూనో తిప్పి ఉంటారు. ట్యాంకు ఖాళీ అయినప్పుడు ఆ మెలికలోకి గాలి చేరింది. ఎత్తు మీంచి వచ్చే కొద్దిపాటి ఒత్తిడికి అది కదలదు. ముందు ఆ లైను మీద అన్నిటికన్నా కింద ఉన్న కుళాయిని పూర్తిగా తెరిచి వదిలేయండి. మిగతావి మూసేయండి. చాలాసార్లు దాంతోనే గాలి కొట్టుకుపోతుంది. కదలకపోతే, బాగా ఒత్తిడి ఉన్న మంచినీళ్ల కుళాయి నుంచి శుభ్రమైన గొట్టంతో వంటగది కుళాయిలోకి నీళ్లు ఎక్కిస్తే గాలి వెనక్కి, ట్యాంకులోకి పోతుంది. పనవగానే గొట్టం తీసేయాలి, రెండు లైన్లను కలిపి వదిలేయడం ప్రమాదం.

శాశ్వతంగా పోవాలంటే ట్యాంకు బయటి వాల్వ్ దాటగానే టీ (T ఆకారపు జాయింటు) ఒకటి వేసి, అక్కడి నుంచి నిలువుగా ఒక గాలి పైపు లేపాలి. దాని కొస ట్యాంకులో నీళ్లు చేరే గరిష్ఠ మట్టం కన్నా పైన ఉండాలి, కిందికి వంచి దోమల జాలీ కట్టాలి. ఆ మెలికను కూడా తీయించగలిగితే ఇంకా మంచిది.

ప్రశ్న: వాషింగ్ మెషీన్ నీళ్లు ఆపినప్పుడల్లా గోడలో ఎవరో సుత్తితో కొట్టినట్టు దబ్బున చప్పుడు. పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. వేగంగా పోతున్న నీటిని మెషీన్ వాల్వ్ రెప్పపాటులో ఆపేస్తుంది, ఆ ఊపంతా ఒత్తిడిగా మారి పైపును గుద్దుతుంది. లోహపు పైపులో సెకనుకు 1 మీటరు వేగంతో వెళ్లే నీటిని హఠాత్తుగా ఆపితే ఆ క్షణానికి 10 బార్ పైనే అదనపు ఒత్తిడి పుడుతుంది. ప్లాస్టిక్ కాస్త సాగుతుంది కాబట్టి తక్కువ. అయినా రోజూ తగిలే ఈ దెబ్బలకు అతుకులు వదులవుతాయి. బయట కనిపించే పైపులకు క్లాంపులు దగ్గర దగ్గరగా బిగించండి, మెషీన్ వెనక కుళాయిని కొంచెం తగ్గించి చూడండి. అప్పటికీ తగ్గకపోతే మెషీన్ దగ్గరే వాటర్ హామర్ అరెస్టర్ అని చిన్న డబ్బా లాంటిది అమ్ముతారు, అది పెట్టించండి.

ప్రశ్న: ఇల్లు కట్టుకుంటున్నాం, వచ్చే వారం ప్లంబింగ్ మొదలు. పైపులన్నీ గోడలోపలే. ఏ పైపు మంచిది? నేను అక్కడుండి ఏం చూసుకోవాలి?

పైపు రకం గురించి అందరూ గంటలు గంటలు వాదిస్తారు. నా లెక్కలో అది చిన్న విషయం. చన్నీళ్లకు యూపీవీసీ (గట్టి పీవీసీ) చాలు. వేడి నీళ్లు తగిలే చోట, గీజర్‌లోకి వెళ్లే చన్నీళ్ల పైపు చివరి భాగంతో సహా, వేడిని తట్టుకునే ప్లాస్టిక్ పైపులు, సీపీవీసీ గానీ పీపీఆర్ గానీ వేయాలి, ఎందుకంటే గీజర్ వేడి కాస్త వెనక్కి పాకుతుంది, మామూలు పీవీసీ మెత్తబడుతుంది. జీఐ (జింకు పూత ఇనుప) పైపులు గట్టివే, కాకపోతే కాలం గడిచేకొద్దీ లోపల తుప్పు పేరుకుని దారి మూసుకుపోతుంది. మేడ మీద ఎండ తగిలే ప్లాస్టిక్ పైపులకు నీటితో కలిపే తెల్ల రంగు వేయించండి, లేకపోతే పెళుసుబారతాయి.

లీకులు వచ్చేది అతుకుల దగ్గర, మీ కళ్లు అక్కడుండాలి. పైపు తిన్నగా కోశాడా, కోసిన అంచు పొట్టు గీకాడా, ఏ పైపుకి ఆ పైపు గమ్మే వాడుతున్నాడా (సీపీవీసీకి వేరు, యూపీవీసీకి వేరు), దూర్చి పావు తిప్పు తిప్పాక అర నిమిషమైనా గట్టిగా పట్టుకుంటున్నాడా అని చూడండి. మరుసటి రోజు దాకా అందులో ఒత్తిడితో నీళ్లు వదలనివ్వకండి. ఇత్తడి కుళాయిని ఉత్త ప్లాస్టిక్ మరలోకి బిగిస్తే ఇవాళ కాకపోతే రేపు పగులుతుంది, కాబట్టి కుళాయి వచ్చే ప్రతి చోటా లోపల ఇత్తడి మర ఉన్న ఎల్బో (వంపు ముక్క) మాత్రమే వాడాలి. టెఫ్లాన్ టేపు మర బిగిసే దిక్కులోనే చుట్టాలి, ఎదురుగా చుడితే బిగిస్తున్నప్పుడే ఊడి వచ్చేస్తుంది.

ప్రతి బాత్రూముకి విడిగా ఒక వాల్వ్ అడగండి. ఒక కుళాయి వాషర్ మార్చడానికి ఇల్లంతా నీళ్లు ఆపే ఖర్మ ఎందుకు? పంపు దగ్గర, ట్యాంకు దగ్గర యూనియన్లు (విప్పి మళ్లీ బిగించే జాయింట్లు) పెట్టించండి, రేపు విప్పాలంటే పైపు కోయనక్కర్లేదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన రోజు ప్లాస్టరింగ్‌కి ముందు రోజు. కొసలన్నిటికీ డమ్మీలు (మూత ప్లగ్గులు) బిగించి, లోపలి గాలంతా పోయేలా మెల్లగా నీళ్లు నింపి, చేతి పంపుతో ఒత్తిడి ఎక్కించి గేజీ చూడాలి. మామూలుగా ఉండే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించడం అందరూ పాటించే పద్ధతి. మొదట ముల్లు కొద్దిగా దిగుతుంది, ప్లాస్టిక్ సాగడం వల్ల, మళ్లీ ఎక్కించి గంటసేపు వదలండి. ఆ తర్వాతా దిగుతోందంటే ఎక్కడో తడి ఉంటుంది, వెతకాలి. కంప్రెసర్ గాలితో మాత్రం ఎవరినీ పరీక్ష చేయనివ్వకండి, గాలి నిండిన ప్లాస్టిక్ పైపు పగిలితే ముక్కలు బాంబులా ఎగురుతాయి. వీలైతే ఆ నీళ్లూ ఒత్తిడీ అలాగే ఉంచి ప్లాస్టరింగ్ చేయించండి, మేస్త్రి మేకు ఎక్కడ దిగినా అప్పుడే తెలిసిపోతుంది. గోడ పక్కన టేపు పెట్టి ప్రతి గోడా ఫోటో తీసుకోండి. ఇంకో నాలుగేళ్లకు గీజరో అల్మరానో బిగించడానికి డ్రిల్ పట్టుకున్నప్పుడు ఆ ఫోటోలు ఎంత విలువైనవో తెలుస్తుంది.

కుళాయిలు బిగించే ముందు లైనంతా ఒకసారి నీళ్లతో కడిగేయాలి. పైపులో మిగిలిన ఇసుక కొత్త కుళాయిల లోపల నీళ్లు ఆపే సిరామిక్ కార్ట్రిడ్జిని మొదటి రోజే గీకేస్తుంది, ఆ తర్వాత కంపెనీని తిట్టి లాభం లేదు.

ప్రశ్న: అర్ధరాత్రి ఎవరూ నీళ్లు వాడకపోయినా ప్రెషర్ పంపు ఆన్ అవుతూ ఆగుతూ ఉంటుంది.

రెండే కారణాలు. ముందు పంపు తర్వాత వాల్వ్ మూసి చూడండి. పంపు సద్దుమణిగితే ఇంట్లో ఎక్కడో లీకు ఉంది. మొదటి అనుమానం ఫ్లష్ ట్యాంకు మీద. అందులో కాస్త రంగు కలిపి పావుగంట ఆగండి, కమోడ్‌లోకి రంగు దిగితే దొరికినట్టే. వాల్వ్ మూసినా పంపు కొట్టుకుంటూంటే పంపు దగ్గరి నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్లను వెనక్కి పోనివ్వనిది) సరిగా మూసుకోవడం లేదు.

నీళ్లు వాడుతున్నప్పుడు కూడా సెకనుకోసారి టక్ టక్ మని ఆన్ ఆఫ్ అవుతోందా? అయితే పక్కనున్న గుండ్రటి ప్రెషర్ ట్యాంకులో గాలి తగ్గింది. పంపు కరెంటు తీసి, కుళాయి తెరిచి ఒత్తిడంతా వదిలేశాక, టైరు గేజీతో చూసి, పంపు ఆన్ అయ్యే ఒత్తిడి కన్నా సుమారు 0.2 బార్ తక్కువ ఉండేలా గాలి కొట్టాలి. గాలి పిన్ను నొక్కితే నీళ్లు చిమ్మాయా, లోపలి రబ్బరు తిత్తి చిరిగింది, మార్చాల్సిందే.

ప్రశ్న: బాత్రూములో యాంగిల్ కాక్ (గోడ దగ్గరి చిన్న వాల్వ్) బిగుసుకుపోయింది. పట్టకారతో తిప్పనా?

వద్దు. ముందు ఆ లైనుకి నీళ్లిచ్చే పై వాల్వ్ మూయండి, ఆ తర్వాతే దాని జోలికి వెళ్లండి. విరిగితే నీళ్లు ఆపే దారి ఉండాలి కదా. కాడ మొదట్లో ఉన్న నట్టును పావు వంతు వదులు చేసి, కాస్త నూనె చుక్క వేసి, ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా కదపండి. ఇంట్లో ప్రతి వాల్వూ ఆరు నెలలకోసారి మూసి తెరుస్తూ ఉంటే ఈ తిప్పలు రావు.

ప్రశ్న: ట్యాంకు కడిగాక బ్లీచ్ ఎంత వేయాలి?

5 శాతం ద్రవ బ్లీచ్ అయితే 1000 లీటర్లకు 1 లీటరు, సువాసనలూ సబ్బూ కలపనిది. అది లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ అవుతుంది. ముందు అడుగు బురదంతా తీసి, గోడలు రుద్ది, అప్పుడు వేయాలి, బురద ఉండగా వేస్తే క్లోరిన్ అంతా బురదకే ఖర్చవుతుంది. వాసన వచ్చేదాకా ఒక్కో కుళాయీ తిప్పి మూసేయండి, పైపులు కూడా శుభ్రమవుతాయి. ఫిల్టరుకు, గీజర్‌కు వెళ్లే వాల్వులు మాత్రం మూసి ఉంచండి. రాత్రంతా ఉంచి, పొద్దున మొత్తం వదిలేసి, వాసన పోయేదాకా మంచి నీళ్లతో కడగాలి. ఈలోగా ఆ నీళ్లు ఎవరూ తాగకుండా కుళాయిలకు గుడ్డ కట్టండి. బ్లీచ్‌తో యాసిడ్ ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. ట్యాంకులోకి దిగే మనిషి ఒంటరిగా దిగకూడదు.

ప్రశ్న: కుళాయి నీళ్లు పాలలా తెల్లగా వస్తున్నాయి. తాగొచ్చా?

గాజు గ్లాసులో పట్టి రెండు నిమిషాలు చూడండి. అడుగు నుంచి పైకి తేటపడుతూ వస్తే అది గాలి బుడగలే, నిక్షేపంగా తాగొచ్చు. పై నుంచి తేటపడి అడుగున పొడిలా దిగితే మాత్రం తాగకుండా ఒక సీసాలో పట్టి నీటి పరీక్షకు పంపండి, ట్యాంకు అడుగు కూడా ఒకసారి తొంగి చూడండి.