కొండవాగుల్లో బంగారం: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: మేం మెల్‌బోర్న్‌లో ఉంటాం. సెలవులకు పిల్లల్ని తీసుకుని విక్టోరియా కొండల్లోని బ్రైట్, హారియెట్‌విల్ వైపు వెళ్తున్నాం. ఆ వాగుల్లో ఇప్పటికీ బంగారం దొరుకుతుందంటున్నారు, నిజమేనా? ఎవరైనా వెతకొచ్చా?
– ఒక పాఠకురాలు, మెల్‌బోర్న్

జవాబు: నిజమేనమ్మా. ముందు ‘మైనర్స్ రైట్’, అంటే బంగారం వెతుక్కోవడానికి ప్రభుత్వమిచ్చే గనివాళ్ల హక్కుపత్రం, తీసుకోండి. 1854లో బల్లారట్ దగ్గర గనివాళ్ల యురేకా తిరుగుబాటు జరిగాక, వాళ్ల నడ్డి విరిచిన నెలవారీ లైసెన్సును తీసేసి 1855లో తెచ్చింది అది. ఇప్పుడు చిన్న రుసుము కడితే ఆన్‌లైన్‌లోనే ఇస్తారు, పదేళ్లు చెల్లుతుంది. దొరికిన బంగారం మీదే. చేతి పనిముట్లతోనే తవ్వాలి, తవ్విన గుంట మళ్లీ పూడ్చాలి. నేషనల్ పార్కుల్లో అనుమతించిన చోట్ల తప్ప ముట్టుకోకూడదు. కొన్ని వాగుల్లో వెతకడాన్ని చట్టమే నిషేధించింది. బయల్దేరే ముందే మ్యాపు చూసుకోండి.

ఇక ఎక్కడ వెతకాలి? చిత్తూరు జిల్లా చిగురుగుంట గనిలో పనిచేసినవాణ్ణి, రాయి లోపలి బంగారమే నాకు తెలుసు. వాగు బంగారం లెక్క వేరు. నీటి కంటే 19 రెట్లు బరువు కాబట్టి, ప్రవాహం నెమ్మదించిన చోటల్లా అది అడుగుకు దిగిపోతుంది: వంపు లోపలి ఒడ్డున, పెద్ద బండల వెనక. పై ఇసుక మీద ఆశ పెట్టుకోకండి. ఆ లోయల్లో వాగు అడుగున పలకరాయి చాలాచోట్ల నిటారుగా, అంచులు పైకి తేలి ఉంటుంది. ఆ పలకల సందుల్లో ఇరుక్కున్న జిగట మట్టిని పాత స్క్రూడ్రైవర్‌తో గీకి పళ్లెంలో వేయండి. బియ్యం గాలించినట్టే గాలించండి, తేలికైనది పొర్లిపోతుంది, బరువైనది అడుగున ఆగుతుంది. చివరికి నల్ల ఇసుక గీత ఒకటి మిగులుతుంది. దాని తోకలో చూడండి.

పసుపుగా మెరిసిందల్లా బంగారం కాదు. పళ్లేన్ని మీ నీడలోకి తిప్పండి. అభ్రకం మెరుపు ఆరిపోతుంది, బంగారం రంగు అలాగే ఉంటుంది. సూదితో నొక్కితే బంగారం సొట్టపడుతుంది, బంగారంలా మెరిసే పైరైట్ అనే ఖనిజం పొడి అవుతుంది.

బక్లాండ్ నది దగ్గర ఆగితే పిల్లలకు ఇదీ చెప్పండి. 1857 జూలై 4న తెల్ల గనివాళ్ల గుంపు అక్కడి చైనా గనివాళ్ల మీద పడి, గుడారాలు, దుకాణాలు తగలబెట్టి లోయలోంచి తరిమేసింది. నడిచలికాలం అది. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వలస వచ్చి బతుకుతున్న మన పిల్లలు ఆ లోయ అందం ఒక్కటే చూసి రాకూడదని నా కోరిక.

ప్రశ్న: లక్షలమంది తవ్వేసిన నేలలో ఇంకేం మిగులుతుంది?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: చాలానే. ఓమియో దగ్గర ఓరియంటల్ క్లెయిమ్స్ అనే పాత తవ్వకాల చోట పెద్ద గొట్టాలతో నీళ్లు చిమ్మి కొండల్నే కడిగేశారు. ఆ హడావిడిలో సన్న నలుసులు చాలా వరకు నీళ్లతోపాటే జారిపోయాయి. ఎల్డొరాడో దగ్గర 1936 నుంచి 1954 దాకా నేలను తోడిన డ్రెడ్జర్, అంటే నీటిపై తేలుతూ తవ్వే యంత్రం, ఇప్పటికీ దాని మడుగులోనే ఉంది. ఇంత చేసినా కొండల్లోని తెల్లరాతి సిరలు అరుగుతూనే ఉంటాయి, ప్రతి వరదా పాత కంకరను కదిపి కొత్తగా పరుస్తుంది. అందుకే వరద తీసిన తర్వాత వెళ్లడం మంచిది. అయితే కుటుంబమంతా రోజంతా కష్టపడితే దొరికేవి నలుసులే, పెట్రోలు ఖర్చు కూడా రాదు. ఆ సంగతి తెలిసి వెళ్లేవాళ్లకే అది సరదా.

ప్రశ్న: పాత సొరంగాల్లోకి టార్చి వేసుకుని వెళ్లొచ్చా?
– ఒక విద్యార్థి, జిలాంగ్

జవాబు: వద్దు బాబూ. గని పని తెలిసినవాడిగా బతిమాలి చెబుతున్నాను. నూరేళ్ల కిందటి దూలాలు పుచ్చిపోయి ఉంటాయి. లోపల ప్రాణవాయువు లేని చోట్లుంటాయి, టార్చి వాటిని చూపించదు. బయట కూడా బ్లాక్‌బెర్రీ పొదల కింద నిలువు గుంతలు దాగి ఉంటాయి, కర్రతో తట్టి చూడందే అడుగు వేయకు. లోపల చూడాలనే ఉంటే వాల్‌హల్లా వెళ్లు. లాంగ్ టనెల్ ఎక్స్‌టెండెడ్ గనిలో గైడు వెంట ఉండి తిప్పి చూపిస్తారు.