వినికిడి తగ్గిన షూటర్లు చెవుల రక్షణకు ఏం వాడాలి?

ప్రశ్న: నా వయసు 46 ఏళ్లు. చాలా కాలంగా రైఫిల్, పిస్టల్ షూటింగ్ సాధన చేస్తున్నాను. నాది కుడిచేతి వాటం. రెండు చెవుల్లోనూ వినికిడి తగ్గిందని, ఎడమ చెవిలో ఇంకాస్త ఎక్కువగా తగ్గిందని పరీక్షలో తేలింది. రెండు చెవులకూ హియరింగ్ ఎయిడ్లు వాడుతున్నాను. రాత్రివేళ చెవుల్లో హోరు కూడా ఉంటోంది. రేంజ్‌లో హియరింగ్ ఎయిడ్లు తీసేసి ఇయర్ మఫ్స్ పెట్టుకుంటే రేంజ్ ఆఫీసర్ ఆదేశాలు వినబడటం లేదు. అందుకని మధ్యమధ్యలో ఒకవైపు మఫ్ ఎత్తి వినాల్సి వస్తోంది. హియరింగ్ ఎయిడ్లను ఆపేసి చెవుల్లోనే ఉంచుకుంటే ప్లగ్గుల్లా పనిచేస్తాయని ఒక మిత్రుడు చెప్పారు. ‘ఎలాగూ వినికిడి తగ్గిపోయింది కదా, ఇంక కొత్తగా పోయేదేముంది’ అని మరొకరు అన్నారు. నాకు ఏ రకమైన రక్షణ సరిపోతుంది?
– ఒక పాఠకుడు

జవాబు: ముందుగా మీ రెండో మిత్రుడి మాటకు సమాధానం చెప్పాలి. ఎందుకంటే ఆ మాట మీ మనసులో ఏ కొంచెం నాటుకున్నా, ఎంత మంచి పరికరం కొన్నా మీరు దాన్ని శ్రద్ధగా వాడరు. శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపంలో దెబ్బతినేవి లోపలి చెవిలోని రోమకణాలు. మనుషుల్లో ఇవి ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు. ఇప్పుడు మీరు హియరింగ్ ఎయిడ్ సాయంతో మాటలు అర్థం చేసుకోగలుగుతున్నారంటే, అది ఇంకా బతికి ఉన్న కణాల చలవే. హియరింగ్ ఎయిడ్ శబ్దాన్ని పెంచి అందించగలదు గానీ, అందుకునే కణమే లేనప్పుడు అది చేయగలిగింది చాలా తక్కువ. మామూలు వినికిడి ఉన్నవారు 10 డెసిబెల్స్ నష్టపోతే దాన్ని గమనించకుండానే రోజులు గడిపేయవచ్చు. మీకు మాత్రం అదే 10 డెసిబెల్స్ నష్టం ఫోన్‌లో మాట్లాడగలగడానికీ, మాట్లాడలేకపోవడానికీ మధ్య తేడా అవుతుంది.

వినికిడి తగ్గిన చెవికి పెద్ద శబ్దం కూడా చిన్నగానే చేరుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. రోమకణాలు దెబ్బతిన్నవారికి చిన్న శబ్దాలు వినబడవు గానీ, పెద్ద శబ్దాలు మాత్రం మామూలు వాళ్లకు ఎంత బిగ్గరగా ఉంటాయో దాదాపు అంతే బిగ్గరగా ఉంటాయి. వినబడటం మొదలయ్యే స్థాయికీ, భరించలేని స్థాయికీ మధ్య ఉండే జాగా కుంచించుకుపోతుంది. తుపాకీ పేలినప్పుడు లోపలి చెవికి తగిలే దెబ్బలో మీకు ఎలాంటి రాయితీ లేదు. కర్ణభేరికి చిల్లు పడటం వంటి మధ్యచెవి సమస్యలతో వినికిడి తగ్గినవారికి శబ్దం కొంత తగ్గి చేరుతుంది గానీ, దాన్ని రక్షణగా లెక్కవేసుకోకూడదు.

ఆ దెబ్బ ఎంతటిదో తెలిస్తే మిగతా సలహా సులువుగా అర్థమవుతుంది. క్షణికమైన పేలుడు శబ్దం చెవి దగ్గర 140 డెసిబెల్స్ గరిష్ఠ స్థాయిని దాటకూడదన్నది వృత్తి ఆరోగ్య ప్రమాణాల్లో స్థిరపడిన హద్దు. పాయింట్ 22 రైఫిల్ ఇంచుమించు ఆ హద్దు దగ్గరే ఉంటుంది. పెద్ద క్యాలిబర్ రైఫిళ్లు, పిస్టళ్లు, షాట్‌గన్‌లు 150 నుంచి 170 వరకూ వెళ్తాయి. డెసిబెల్ లెక్కలో 3 పెరిగితే శబ్దశక్తి రెట్టింపు అవుతుంది కాబట్టి, 140కీ 160కీ మధ్య తేడా వంద రెట్లు. గట్టి శబ్దం వచ్చినప్పుడు మధ్యచెవిలోని చిన్న కండరం బిగుసుకుని లోపలి చెవిని కొంతవరకు కాపాడుతుంది. అయితే ఆ కండరం స్పందించడానికి పదుల మిల్లీసెకన్లు పడుతుంది. తూటా శబ్దం ఒక మిల్లీసెకను లోపే శిఖరానికి చేరుతుంది కాబట్టి, కండరం కదిలేలోపే జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. గాలి తుపాకుల శబ్దం దీనికన్నా బాగా తక్కువే, కానీ పక్క లేన్‌లో ఎవరో పేల్చే పిస్టల్ శబ్దం మీ చెవికీ చేరుతుందని మరచిపోవద్దు. గోడలూ కప్పూ ఉన్న ఇండోర్ రేంజ్‌లో ఆ శబ్దం ప్రతిధ్వనించి మరికాస్త సేపు నిలుస్తుంది. మజిల్ బ్రేక్ (వెనుదన్ను తగ్గించడానికి గొట్టం మూతికి పెట్టే పరికరం) బిగించిన రైఫిల్ పక్కన నిలబడటం అన్నిటికన్నా హాని.

మీ ఎడమ చెవి ఎక్కువగా దెబ్బతినడానికీ కారణం ఊహించవచ్చు. కుడి భుజానికి రైఫిల్ ఆనించి తల వంచి గురి చూసేటప్పుడు ఎడమ చెవి తుపాకీ గొట్టం మూతి వైపు తిరిగి ఉంటుంది, కుడి చెవి తల చాటున ఉంటుంది. అయినా ఒక హెచ్చరిక చేయాలి. రెండు చెవుల మధ్య తేడా బాగా ఎక్కువగా ఉన్నా, ఒక చెవిలోనే హోరు ఉన్నా, తూలు వస్తున్నా దాన్ని తుపాకీ ఖాతాలో వేసి ఊరుకోకూడదు. వినికిడి నాడి మీద పెరిగే కణితి కూడా సరిగ్గా ఇలాగే మొదలవుతుంది. మీ ఈఎన్‌టీ వైద్యులు అవసరమనుకుంటే ఎంఆర్ఐ తీయిస్తారు.

ఇక హియరింగ్ ఎయిడ్ ఆపేసి ఉంచుకోవడం గురించి. దయచేసి ఆ పని చేయవద్దు. ఇప్పటి హియరింగ్ ఎయిడ్లలో చాలావాటికి చెవి మూసుకుపోయినట్టు అనిపించకుండా గాలి ఆడే రంధ్రం ఉంటుంది, లేదా చెవి రంధ్రాన్ని పూర్తిగా మూయని మెత్తని డోమ్ ఉంటుంది. గాలి ఆడే చోట శబ్దమూ దూరుతుంది. కొలత తీసి పోత పోసిన అచ్చు అయితే కొంత శబ్దాన్ని అడ్డుకోవచ్చు గానీ, ఎంత అడ్డుకుంటుందో ఎవరూ పరీక్షించి ముద్ర వేయలేదు. ఆన్ చేసి దాని మీద మఫ్స్ పెట్టుకోవడం మరో ప్రశ్న. మఫ్ కప్పు హియరింగ్ ఎయిడ్ మైక్రోఫోన్‌కు దగ్గరగా రావడంతో కూత వస్తుంది. కప్పు అడ్డుకోగా మిగిలిన పేలుడు శబ్దాన్ని ఆ యంత్రం మళ్లీ పెంచి చెవిలోకి పంపే అవకాశమూ ఉంది. మీ ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు) యంత్రం గరిష్ఠ ధ్వని స్థాయిని కొలిచి, తగ్గించి, ఇందుకోసం ప్రత్యేకంగా ఒక ప్రోగ్రామ్ పెట్టి ఇస్తే తప్ప, పేల్చే చోట హియరింగ్ ఎయిడ్లు డబ్బాలోనే ఉండటం మేలు.

మీరు రాసిన వాటన్నిటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మఫ్ ఎత్తి వినడం. మీరు కప్పు ఎత్తిన ఆ రెండు సెకన్లలో పక్కవారు ట్రిగ్గర్ నొక్కితే, ఆ రోజంతా జాగ్రత్తగా కాపాడుకున్న చెవికి పూర్తి దెబ్బ తగులుతుంది. అలాగని తప్పు మీదని అనను. మాట వినబడనివ్వని రక్షణను ఎవరైనా ఎత్తి చూస్తారు. మీకైతే ఆ ఇబ్బంది ఇతరులకన్నా ఎక్కువ. శబ్దం వల్ల ముందుగా పోయేది 3,000 నుంచి 6,000 హెర్ట్జ్ మధ్య వినికిడి. స, శ, ఫ వంటి అక్షరాల స్పష్టత ఎక్కువగా పై స్థాయి శబ్దాల మీదే ఆధారపడుతుంది. మామూలు ప్లగ్గులూ మఫ్సూ ఎక్కువగా అడ్డుకునేవి కూడా ఆ పై స్థాయి శబ్దాలనే. ఇప్పటికే తక్కువగా ఉన్నచోట అవి మరింత కోత పెడతాయి. కాబట్టి మీరు ఎంచుకునే రక్షణకు నేను పెట్టే మొదటి షరతు ఒకటే. రేంజ్‌లోకి అడుగుపెట్టినప్పటి నుంచి బయటికి వచ్చేవరకు దాన్ని ఎత్తాల్సిన అవసరం రాకూడదు.

ఆ షరతును తీర్చేవి ఎలక్ట్రానిక్ ఇయర్ మఫ్స్. వీటి కప్పుల బయట చిన్న మైక్రోఫోన్లు, లోపల చిన్న స్పీకర్లు ఉంటాయి. బయటి మాటలను పెంచి వినిపిస్తాయి, శబ్దం ఒక స్థాయి దాటితే లోపలి సర్క్యూట్ ఆ పెంపును ఆపేస్తుంది లేదా కుదిస్తుంది. సాధారణంగా ఆ పరిమితి 82 నుంచి 85 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. ఇక్కడ ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. పేలుడు నుంచి కాపాడేది ఆ సర్క్యూట్ కాదు, కప్పూ దాని మెత్తా. బ్యాటరీ అయిపోయినా రక్షణ అంతే ఉంటుంది, మాట వినబడటం మాత్రమే ఆగుతుంది. కొనేటప్పుడు కుడి, ఎడమ వాల్యూమ్‌లను విడివిడిగా మార్చుకోగలిగేది చూడండి. రెండు చెవులూ ఒకేలా లేని మీకు ఆ సౌకర్యం తప్పనిసరి. పేలిన ప్రతిసారీ ధ్వనిని పూర్తిగా కోసేసి కాసేపటికి తిరిగి ఇచ్చే రకంలో, పక్కవారు వరుసగా కాలుస్తుంటే ఆదేశంలో సగం మాటలు ఎగిరిపోతాయి. ధ్వనిని కుదించి కొనసాగించే రకం మీకు మంచిది.

పెద్ద క్యాలిబర్‌కైనా, ఇండోర్ రేంజ్‌లోనైనా ఒక్క మఫ్ చాలదు. లోపల ఫోమ్ ప్లగ్, పైన ఎలక్ట్రానిక్ మఫ్ పెట్టుకోవాలి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ ఎన్.ఐ.ఓ.ఎస్.హెచ్. కూడా కాల్పులకు ఈ జంట రక్షణనే సిఫార్సు చేస్తుంది. ప్లగ్ ఉన్నా మఫ్ వాల్యూమ్ పెంచుకుంటే ఆదేశాలు వినబడే అవకాశం మెరుగుపడుతుంది. వినికిడి తగ్గిన షూటర్లకు ఈ జంట బాగా నప్పడానికి అదే కారణం. ప్యాకెట్ల మీద ఎన్.ఆర్.ఆర్. అని ఉండే అంకె, ఆ పరికరం శబ్దాన్ని ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో చెబుతుంది. ఆ అంకెలను కూడికలు చేయవద్దు. ఎన్.ఆర్.ఆర్. 33 అని రాసిన ప్లగ్, 25 అని రాసిన మఫ్ కలిసి 58 ఇవ్వవు. ఎక్కువ ఉన్నదానికి ఇంకో 5 కలుస్తాయని అనుకోవడం సబబు. ఎందుకంటే చెవి రంధ్రాన్ని ఎంత బిగించినా కొంత శబ్దం పుర్రె ఎముకల గుండా లోపలికి చేరుతుంది. పైగా ఆ అంకెలు ప్రయోగశాలలో, నిలకడగా ఉండే శబ్దంతో తీసినవి. రోజువారీ వాడకంలో మఫ్ అంకెలో పావు వంతు, ఫోమ్ ప్లగ్ అంకెలో సగం తగ్గించి లెక్కించమని అదే సంస్థ చెప్పింది. ఐరోపా ప్యాకెట్ల మీద ఉండే ఎస్.ఎన్.ఆర్. వేరే లెక్క, ఒకదానితో ఒకటి పోల్చకూడదు.

ఫోమ్ ప్లగ్‌కు సగం కోత పడటానికి ముఖ్య కారణం దాన్ని సరిగా పెట్టుకోకపోవడమే. శుభ్రమైన వేళ్లతో ముడతలు రాకుండా సన్నగా, పుల్లలా చుట్టండి. ఎదురు చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగితే చెవి రంధ్రం నిటారుగా అవుతుంది. ప్లగ్‌ను లోపలికి దూర్చి, అది ఉబ్బేవరకు అర నిమిషం వేలితో ఆపి ఉంచండి. అద్దంలో ఎదురుగా చూసుకున్నప్పుడు దాని కొస బయటికి పొడుచుకుని కనబడకూడదు. మాట్లాడితే మీ గొంతు మీకే తలలో మోగుతున్నట్టు బొంగురుగా వినబడాలి. అలా వినబడకపోతే తీసి మళ్లీ పెట్టుకోండి. హియరింగ్ ఎయిడ్ వాడేవారిలో గులిమి గట్టిపడి పేరుకోవడం ఎక్కువ కాబట్టి, ముందుగా చెవులు చూపించుకుని శుభ్రం చేయించుకోండి. చెవి కారుతున్నా, కర్ణభేరికి చిల్లు ఉన్నా వైద్యుల్ని అడగకుండా ప్లగ్ వాడవద్దు. ఫోమ్ నప్పనివారు కొలతతో చేయించుకునే ప్లగ్గులు వాడవచ్చు. అవి వదులైతే మార్పించుకోవాలి.

మఫ్ విషయంలో చూడాల్సింది దాని మెత్త చర్మానికి పూర్తిగా అతుక్కుంటోందా అన్నది. కళ్లద్దాల లావు కాడలు, జుట్టు, టోపీ అంచు దాన్ని ఎత్తిపెడతాయి. సన్నని కాడలున్న షూటింగ్ కళ్లద్దాలు, జెల్ మెత్తలు ఈ ఇబ్బందిని తగ్గిస్తాయి. రైఫిల్ బట్‌కు బుగ్గ ఆనించినప్పుడు లావు కప్పు అంచు తగిలి పక్కకు జరగడం కూడా సాధారణం. అందుకే దుకాణంలో ఊరికే తలకు పెట్టుకుని చూస్తే చాలదు, మీరు కాల్చే భంగిమలో పెట్టుకుని చూడాలి. కప్పు అడుగుభాగం పలచగా ఉండే నమూనాలు రైఫిల్‌కు అనువుగా ఉంటాయి.

ఇంత చేసినా మాట స్పష్టంగా అందకపోవచ్చు. చెవి మీదే పూర్తిగా ఆధారపడటం భద్రత దృష్ట్యా సరికాదు. మీకు వినికిడి తక్కువని రేంజ్ ఆఫీసర్‌కు ముందే చెప్పండి. కాల్పులు ఆపమనే ఆదేశానికి చేతి సైగ గానీ, దీపం గానీ, భుజం తట్టడం గానీ ఇద్దరూ అనుకుని పెట్టుకోండి. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. బధిరుల ఒలింపిక్స్‌లో షూటింగ్ కూడా ఒక క్రీడే, అక్కడ పోటీలో హియరింగ్ ఎయిడ్లు తీసేసే బరిలోకి దిగుతారు. మీరు పోటీల్లో పాల్గొంటే శబ్దాన్ని పెంచే పరికరాలకు ఆ పోటీ నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో నిర్వాహకులను ముందుగానే అడిగి, అవసరమైతే అనుమతి తీసుకోండి.

కొత్త రక్షణ వాడటం మొదలుపెట్టే ముందు ఒక ఆడియోగ్రామ్ (వినికిడిని గీతగా చూపే పరీక్ష) చేయించుకోండి. దానికి ముందు కనీసం 14 గంటలు కాల్పులకు, ఇతర పెద్ద శబ్దాలకు దూరంగా ఉండాలి. లేకపోతే తాత్కాలికంగా తగ్గిన వినికిడిని శాశ్వతమని పొరబడతాం. ఆ తరువాత ఏడాదికొకసారి అదే పరీక్ష చేయించి, 3,000, 4,000, 6,000 హెర్ట్జ్ దగ్గర గీత కిందికి జారిందేమో పాత కాగితంతో పోల్చి చూపించుకోండి. జారుతుంటే రక్షణ సరిపోవడం లేదని అర్థం. కాల్పుల తరువాత చెవులు దిబ్బడ వేసినా, హోరు పెరిగినా ఆ రోజుకు సాధన ఆపేయండి. ఒక చెవి వినికిడి ఒక్కసారిగా పడిపోయినా, హోరు మరునాటికి తగ్గకపోయినా, కళ్లు తిరిగినా వెంటనే ఈఎన్‌టీ వైద్యుల్ని కలవండి. ఇలాంటి సందర్భంలో స్టెరాయిడ్ చికిత్స మొదటి కొద్ది రోజుల్లో మొదలుపెడితేనే ఫలితానికి ఎక్కువ అవకాశం ఉంటుంది. తగ్గుతుందేమోనని వారం రోజులు వేచి చూడవద్దు. వచ్చేటప్పుడు పాత ఆడియోగ్రామ్‌లతో పాటు మీరు వాడే ప్లగ్గులు, మఫ్స్, హియరింగ్ ఎయిడ్లు కూడా వెంట తెచ్చుకోండి.