రాకెట్‌కు అడిగితే రాలేదు, గొడుగుకు అడిగితే వచ్చింది

విజయనగరంలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న తమ్ముడొకడు అడిగాడు: "మా రాకెట్ క్లబ్‌లో పద్నాలుగు మందిమి. కేంద్ర ప్రభుత్వ అంతరిక్ష సంస్థ ఇన్-స్పేస్ పెట్టే మోడల్ రాకెట్ పోటీకి వెళ్లాలంటే లక్షా ఎనభై వేలు కావాలి. క్రౌడ్ ఫండింగ్ లింకు వాట్సాప్ గ్రూపులన్నింట్లో పెట్టాం. నెల రోజులకు నాలుగు వేలు వచ్చాయి. ఏం చేయాలి అన్నా?"

తమ్ముడూ, మాదీ అదే కథ. నేను శ్రీకాకుళం జిల్లాలో చదివాను. మా లింకుకు వచ్చింది మూడు వేల రెండొందలు. అందులో వెయ్యి మా నాన్నదే.

లక్షా ఎనభై వేలు అనే అంకె చూడగానే ఎవరైనా ఫోన్ పక్కన పెట్టేస్తారు. తన ఐదొందలు అందులో ఏ మూలకని అనుకుంటారు. అందుకే ముందు దాన్ని ముక్కలు చెయ్యి. బాడీ ట్యూబు ఎంత, రాకెట్ కొనన ఉండే ముక్కు 3డీ ప్రింటింగ్ ఎంత, పారాచూట్ ఎంత, ఆ పారాచూట్ సమయానికి విప్పించే ఫ్లైట్ కంప్యూటర్ ఎంత, ఇలా ఒక్కోదానికీ కొటేషన్ తీసుకుని రాయి. టెస్టులో పోయే రాకెట్ ఖర్చు కూడా రాయి, ఎందుకంటే మొదటిది పోతుంది. చాలామంది మర్చిపోయేది ప్రయాణం. 2025 అక్టోబరులో ఆ పోటీ ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ జిల్లాలో జరిగింది. అంత దూరం పద్నాలుగు మంది వెళ్లి, తిని, పడుకుని, తిరిగి రావాలంటే రాకెట్ ఖర్చు కంటే మనుషుల ఖర్చే ఎక్కువైనా అవుతుంది. ఆరుగురు వెళ్తే చాలదా అని మీలో మీరు ఇప్పుడే కొట్లాడుకోండి, టికెట్లు బుక్ చేసే రోజు కాదు.

ఈ ముక్కల సంగతి మాకు నేర్పింది పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి. మా సీనియర్‌కు దూరపు బంధువు. ల్యాప్‌టాప్‌లో ఇరవై రెండు స్లైడ్లు పట్టుకుని వెళ్లాం. నాలుగో స్లైడుకే ఆయన కళ్లు బయట దిగుతున్న బస్తాల మీదికి పోయాయి. మావాడికి టెన్షన్ వచ్చి సంచిలోంచి పారాచూట్ తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన దాన్ని విప్పి, గుడ్డ రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "ఏటి బాబూ, ఈ గొడుగు ఎంతవుద్ది?" అన్నారు. ఇది ట్రయల్ కోసం మేమే కుట్టుకున్నది, అసలుది కొనాలంటే ఆరున్నర వేలు అని చెప్పాం. గల్లాపెట్టె తీసి లెక్కపెట్టి ఇచ్చేశారు. మా మొత్తం ఖర్చు లక్షన్నర గురించి ఒక్క మాట మాట్లాడలేదు. "ఎగిరాక వచ్చి చెప్పండి" అన్నారు, అంతే.

ఎగిరింది, కానీ గొడుగు విప్పుకోలేదు. తొమ్మిది వోల్టుల బ్యాటరీకి పైన నొక్కి పెట్టే క్లిప్ ఉంటుంది చూశావా, పైకి లేచినప్పటి కుదుపుకి అది వదిలేసింది. కరెంటు లేక ఫ్లైట్ కంప్యూటర్ ఆగిపోయింది. రాకెట్ తిన్నగా వచ్చి కోత అయిన పొలంలో సగం దాకా దిగబడింది. మొహం చూపించలేక పది రోజులు పలాస వైపు పోలేదు. చివరికి విరిగిన ముక్కు, ఆ క్లిప్ పట్టుకుని వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాం. ఆయన క్లిప్‌ను రెండుసార్లు బిగించి, ఊడదీసి చూసి, "ఇంత దానికా!" అని నవ్వారు. మళ్లీ డబ్బులివ్వలేదు గానీ ఇంకో ముగ్గురు వ్యాపారులకు మా ముందే ఫోన్ చేశారు. మా ఖర్చులో సగానికి పైగా ఆ మూడు ఫోన్ల వల్లే వచ్చింది. కూలిన రాకెట్ గురించి దాచి ఉంటే వచ్చేది కాదు.

వెళ్లే సమయం కూడా చూసుకో. పైడితల్లి అమ్మవారి జాతర సిరిమానోత్సవం ముందు విజయనగరం బజారులో ఏ కొట్టు మెట్లూ ఎక్కకు. వినాయక చవితి నుంచి చందా పుస్తకాలు చూసి చూసి వాళ్లు అప్పటికే విసిగిపోయి ఉంటారు.

డబ్బు ఎక్కడ పెట్టాలన్నది ఇంకో తలనొప్పి. మొదట ఒక కుర్రాడి ఫోన్‌పేలో పెట్టాం. వాడి మెస్ డబ్బులు, క్లబ్ డబ్బులు కలిసిపోయి స్నేహాలు చెడేదాకా వచ్చింది. తర్వాత కాలేజీ ఖాతాలో వేయిస్తే, బయటికి తీయడానికి సంతకాల చుట్టూ నలభై రోజులు తిరిగాం. కాలేజీ ఖాతాయే మంచిది, కాకపోతే ఎవరి సంతకంతో ఎన్ని రోజుల్లో ఇస్తారో డబ్బు పడకముందే కాగితం మీద రాయించుకో.

కాలేజీ ట్రస్టుకో సొసైటీకో 80జీ (విరాళమిచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు) గుర్తింపు ఉంటే దాతలకు చెప్పు. రెండు వేలు దాటి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు రాదు, బ్యాంకు ద్వారా ఇవ్వమను. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఎలాగూ వర్తించదు, ఆశ పెట్టకు. పైడిభీమవరం వైపు కంపెనీల సీఎస్సార్ నిధుల (సమాజం కోసం పెట్టే ఖర్చు) మీద అందరికీ కన్ను ఉంటుంది. చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి, నిజమే. కానీ విద్యార్థుల క్లబ్ చేతికి ఆ డబ్బు ఇవ్వరు, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్సార్-1 నమోదు ఉన్న సంస్థ కావాలి. వాళ్ల కమిటీ, బోర్డు ఒప్పుకునేసరికి మీ పోటీ అయిపోతుంది. వచ్చే ఏడాది జట్టు కోసం ఇప్పుడే దరఖాస్తు పెట్టండి.

అమెరికాలో ఉన్న సీనియర్ల దగ్గర ఒక జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు మాత్రం విదేశీ విరాళాల చట్టమైన ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేకుండా తీసుకోకూడదు. మొహమాటపడకుండా అడిగి తెలుసుకో.

ఖర్చుల పట్టిక తయారయ్యాక నాకు పంపు, ఎక్కడ ఎక్కువ రాశారో చెప్తాను. మీ దాంట్లో కూడా అదే బ్యాటరీ క్లిప్ ఉంటే మాత్రం ఈరోజే తీసెయ్.