తొట్టెలో పగడం పెంచితే కేసవుతుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. అద్దె ఇంట్లో మొదటి అంతస్తులో ఉంటున్నాం. నాలుగడుగుల గాజు తొట్టెలో ఉప్పునీటి చేపలు, పగడాలు పెంచాలని నా కోరిక. తొట్టె, పంపులు, లైట్లు వచ్చేశాయి. ఆన్‌లైన్‌లో కొన్న చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) ఎంతసేపు తిరిగినా నీటిని 30 డిగ్రీల కిందికి దించడం లేదు. 'మెషిన్‌లో లోపం లేదు, వాపసు తీసుకోం' అంటున్నారు. వేరే ఊరి దుకాణదారు ఒకాయన 20 కిలోల లైవ్ రాక్ (తొట్టెలో వేసే సముద్రపు రాయి), నాలుగు రకాల పగడాలు రైలు పార్సిల్‌లో పంపుతానన్నాడు. రెండు వేలు అడ్వాన్సు ఇచ్చాను. బిల్లు మాత్రం ఇవ్వడట. 'అందరూ పెంచుతున్నారు, ఏం కాదు' అంటున్నాడు. నిజమేనా? కళింగపట్నం నుంచి నీళ్లు, ఇసుక తెచ్చుకోవచ్చా? ఇంటి ఓనరు అభ్యంతరం పెట్టగలడా?

జవాబు: ముందు ఆ పార్సిల్ ఆపించండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

ఉప్పునీటి తొట్టె పెట్టుకోవడం నేరం కాదు. గాజు, స్కిమ్మర్ (నీటిలో మురికి తీసే పరికరం), పంపు, లైటు మీ ఇష్టం. చిక్కంతా పగడంతోనే. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. నల్ల పగడం, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్ అనే రకాలు కూడా వాటితోపాటే వచ్చాయి. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి షెడ్యూళ్లు తగ్గాయి గానీ గట్టి పగడాల చోటు మారలేదు. పులి ఉన్న జాబితా అది. సెక్షన్ 51 ప్రకారం శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. 'మూడేళ్లకు తగ్గకుండా' అని చట్టమే చెబుతోంది కాబట్టి నేరం రుజువైతే జడ్జిగారు జాలిపడినా చేయగలిగింది తక్కువ.

ఇక బిల్లు సంగతి. మామూలు కేసుల్లో నేరం రుజువు చేయాల్సింది ప్రభుత్వం. ఇక్కడ సెక్షన్ 57 ఆ భారాన్ని తిప్పేస్తుంది. వస్తువు మీ దగ్గర దొరికిందని తేలితే చాలు, అక్రమంగానే ఉంచుకున్నారని కోర్టు భావిస్తుంది. కాదని చూపించాల్సింది మీరు. బిల్లు లేకుండా ఏం చూపిస్తారు? 'అందరూ పెంచుతున్నారు' అన్న మాటను ఏ కోర్టూ డిఫెన్సుగా తీసుకోదు. అది చెప్పిన దుకాణదారు ఆ రోజు ఫోను ఎత్తుతాడన్న నమ్మకమూ నాకు లేదు.

'లైవ్ రాక్ రాయే కదా' అని చాలామంది అనుకుంటారు. మా మేనల్లుడికీ ఈ తొట్టెల పిచ్చి ఉంది. వాడు ఓ ముక్క తెచ్చి చూపిస్తే భూతద్దం పెట్టి చూశాను. దాని నిండా ఆవగింజంత గుంటలు. ప్రతి గుంటలోనూ అంచు నుంచి మధ్యకు సన్నటి గోడలు, బండి చక్రం ఆకుల్లా. ఒక్కో గుంట ఒక్కో ప్రాణి బతికిన ఇల్లు. అంటే అది పగడపు అస్థిపంజరం. పైన పట్టిన నాచు, బాక్టీరియా వల్ల దానికి 'లైవ్' అని పేరొచ్చింది. ప్రాణం పోయినా, ముక్కలైనా చట్టం దాన్ని వదలదు. తనిఖీకి వచ్చిన అటవీ సిబ్బందికి ఆ గుంటలు చాలు. వాడి చేత ఆ ముక్క ఎక్కడిదో చెప్పించి, మళ్లీ ఆ గడప తొక్కొద్దని చెప్పాను.

దాని బదులు కాల్చిన సిరామిక్ రాళ్లు, తొట్టెల కోసమే పోతపోసిన కృత్రిమ రాళ్లు దొరుకుతాయి. సీసాలో వచ్చే బాక్టీరియా పోసి, అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చేదాకా నాలుగు నుంచి ఆరు వారాలు ఓపిక పట్టాలి. రాయిలో పురుగూ పుట్రా రాకపోవడం ఇందులో లాభం.

సైటిస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) కాగితాలతో విదేశం నుంచి వచ్చిన గట్టి పగడమైతే ఫరవాలేదని ఎవరైనా చెబితే నమ్మకండి. ఒకే జాతి మొదటి షెడ్యూల్‌లోనూ, సైటిస్ జాతుల నాలుగో షెడ్యూల్‌లోనూ ఉంటే మొదటి షెడ్యూల్ నిబంధనలే వర్తిస్తాయి. మష్రూమ్, జోయాంథస్, లెదర్ వంటి మెత్తని రకాలు గట్టి పగడాల వర్గంలోకి రావు. కానీ అమ్మేవాళ్లు వాటిని తరచూ పగడపు ముక్కకే అతికించి పంపుతారు. పైది తప్పు కాకపోయినా కిందది తప్పే. సిరామిక్ ప్లగ్ (చిన్న బిళ్ల) మీద ఉన్నవే అడగండి, బిల్లులో శాస్త్రీయ నామం రాయించుకోండి. ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం బజారులో బాహాటంగా అమ్ముతున్నారు కదా అని మీకు అనుమానం రావచ్చు. అది మధ్యధరా సముద్రంలో పెరిగే వేరే జాతి, దిబ్బలు కట్టదు. దాన్ని చూపించి దీన్ని సమర్థించుకోలేరు.

కళింగపట్నం నుంచి ఇంటి వాడకానికి రెండు డ్రమ్ముల నీళ్లు తెచ్చుకుంటే ఎవరూ కేసు పెట్టరు. అయితే అక్కడ వంశధార సముద్రంలో కలుస్తుంది. వానాకాలంలో ఒడ్డున ఉప్పదనం పడిపోతుంది. మీ తొట్టెకు లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉండాలి. ఆర్‌ఓ నీటిలో సాల్ట్ మిక్స్ కలుపుకుని, రిఫ్రాక్టోమీటర్‌తో (ఉప్పదనం కొలిచే పరికరం) చూసుకోవడమే నయం. ఇసుక మాత్రం ముట్టుకోకండి. తీరంలో ఇసుక తవ్వకంపై సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) నిబంధనల నిషేధం ఉంది. పైగా మన తీరపు ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్, మోనజైట్ కలిసి ఉంటాయి. మోనజైట్ అణు ఖనిజం, దాని లెక్కలు వేరే. ఎవరైనా వలలో పడ్డ సముద్రపు గుర్రాన్ని సరదాకి ఇచ్చినా తీసుకోకండి, అదీ చట్టం కాపాడే ప్రాణే. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో ఆ ఒడ్డున అటవీ శాఖ వాళ్లు రాత్రుళ్లు కూడా తిరుగుతుంటారు.

చిల్లర్ విషయంలో మీ పక్షాన బలం ఉంది. కొనేముందు వాట్సాప్‌లో 'రీఫ్ ట్యాంక్ (పగడాల తొట్టె), 250 లీటర్లు, మా గది మధ్యాహ్నం 36 డిగ్రీలు ఉంటుంది, ఏ మోడల్ సరిపోతుంది' అన్నట్టు అడిగారా? వాళ్లు చెప్పిన మోడలే కొన్నారా? అలాగైతే వస్తు విక్రయ చట్టం, 1930 సెక్షన్ 16 మీకు పనికొస్తుంది. ఏ అవసరానికి కొంటున్నారో చెప్పి, అమ్మేవాడి అనుభవాన్ని నమ్మి కొన్నప్పుడు, ఆ వస్తువు ఆ పనికి సరిపోవాలి. మోటారు తిరగడం ఒక్కటే సరిపోదు. తొట్టెకు కావాల్సింది 25, 26 డిగ్రీలు. థర్మామీటర్ కనిపించేలా వరుసగా మూడు రోజులు, రోజూ ఒకే సమయానికి వీడియో తీయండి. ఆ చాట్ చెరిపేయకండి, ఫోను మార్చకండి. ఏమీ అడగకుండా చౌకగా ఉందని కొనుంటే మాత్రం కేసు బాగా బలహీనపడుతుంది.

ముందు ఆ వెబ్‌సైట్ గ్రీవెన్స్ ఆఫీసరుకు రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అప్పటికీ కదలకపోతే శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా మీరుండే చోటే ఫిర్యాదు చేయవచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. లాయరు లేకపోయినా నడుస్తుంది. ఈ మాట నేనన్నానని బార్ అసోసియేషన్‌లో చెప్పకండి.

ఓనరు అభ్యంతరం పెట్టగలడు, అందులో న్యాయమూ ఉంది. 250 లీటర్ల నీళ్లు, గాజు, రాళ్లు, స్టాండు కలిపితే 350 కిలోలు దాటుతుంది. అదంతా అర చదరపు మీటరుకు కాస్త ఎక్కువ చోట పడుతుంది. ఇళ్ల స్లాబును సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల లెక్కన కడతారు. గోడవార, బీము మీదుగా పెట్టవచ్చో లేదో ఇంజనీరుకు చూపించి, ఓనరుతో కాగితం మీద ఒప్పుకోలు రాయించుకోండి. తొట్టె పగిలి కింది పోర్షన్ సీలింగు పాడైతే ఆ ఖర్చు మీ మీదికే వస్తుంది.

ఇక ఆ రెండు వేలు. చట్టం వద్దన్న సరుకు కోసం చేసుకున్న ఒప్పందం కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 ప్రకారం చెల్లదు. దాని మీద డబ్బు ఇప్పించమంటే కోర్టులు సాధారణంగా చెయ్యి వెయ్యవు. 'నాకు సరుకు వద్దు, పంపవద్దు' అని ఈ రోజే రాతపూర్వకంగా మెసేజ్ పెట్టి, స్క్రీన్‌షాట్ దాచుకోండి. తిరిగిస్తే తీసుకోండి. ఇవ్వకపోతే పోయాయనుకోండి.