ఒక్కరే ఊరి ఎఫ్‌ఎం పెట్టి నడపొచ్చా? ఏమేం కావాలి?

మీరు అడిగింది ఇది: బీహార్‌లో రాఘవ్ మహతో రిపేరు కొట్టులోంచి ఒంటిచేత్తో ఎఫ్‌ఎం నడిపినట్టు, మా మండలంలో నేనూ సొంతంగా ఒక స్టేషన్ పెట్టుకోవచ్చా? పెడితే సామాను ఏం కొనాలి?

సొంత పేరు మీద అయితే కుదరదు. వైశాలి జిల్లా మన్సూర్‌పూర్‌లో రాఘవ్ 2003లో మొదలుపెట్టారు. సుమారు 50 రూపాయల విడిభాగాలతో ట్రాన్స్‌మిటర్ కట్టుకుని, మూడంతస్తుల ఆసుపత్రి మేడ మీద వెదురుగడకి ఏరియల్ బిగించారు. చుట్టుపక్కల ఊళ్లన్నీ విన్నాయి. లైసెన్సు లేదని 2006లో మూయించారు. మన దగ్గర కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు 2002లో పెట్టుకున్న 'మన రేడియో' అనే స్టేషన్ కూడా ఏడాది తిరక్కుండానే ఆగిపోయింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పిన మాట నిజమే, కానీ అనుమతి లేకుండా ఎవరైనా వాడుకోవచ్చని చెప్పలేదు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలో అనుమతి లేని నెట్‌వర్క్‌కి 3 ఏళ్ల జైలు, 2 కోట్ల జరిమానా దాకా ఉంది. కాబట్టి ఆన్‌లైన్లో దొరికే 5 వాట్ల చైనా కిట్ కొని పరీక్షగా చూద్దామనే ఆలోచన కూడా వద్దు.

దారి ఒకటుంది, కమ్యూనిటీ రేడియో. లాభాపేక్ష లేని సొసైటీకో ట్రస్టుకో ఇస్తారు. అది రిజిస్టరై కనీసం 3 ఏళ్లు పనిచేసి ఉండాలి. వ్యక్తులకీ రాజకీయ పార్టీలకీ ఇవ్వరు. దరఖాస్తు రుసుము 2,500, ఆ తర్వాత 25,000 బ్యాంకు గ్యారంటీ. ఇవి పెద్ద మొత్తాలు కావు. ఫ్రీక్వెన్సీకీ మాస్టు (యాంటెన్నా నిలిపే స్తంభం) ఉండే చోటుకీ వచ్చే క్లియరెన్సుల దగ్గరే నెలలు గడిచిపోతాయి. అందుకే మాస్టు వేసే స్థలం అక్షాంశ రేఖాంశాలు మొదటిసారే సరిగ్గా ఇవ్వండి. తర్వాత మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలి. సొంత వార్తలు చదవకూడదు, ఆకాశవాణి బులెటిన్‌ని ఉన్నదున్నట్టు వెయ్యొచ్చు. 2024 మార్గదర్శకాల ప్రకారం గంటకి 12 నిమిషాల ప్రకటనలకి వీలుంది. ప్రసారం చేసిన ప్రతిదీ 3 నెలలు దాచాలి. దీనికి కంగారు పడక్కర్లేదు, 64 కేబీపీఎస్ మోనోలో రోజుకి 12 గంటల రికార్డింగు 90 రోజులకి 31 జీబీ అవుతుంది. 64 జీబీ పెన్‌డ్రైవులు రెండు తీసుకుని, రెండింట్లోనూ అదే కాపీ పెట్టండి.

సొసైటీకి 3 ఏళ్లు నిండేదాకా ఏం చెయ్యాలో జహీరాబాద్ దగ్గర మాచనూరులోని కమ్యూనిటీ స్టేషన్ సంఘం రేడియోని చూసి నేర్చుకోవచ్చు. అక్కడ స్టూడియో 1998లోనే సిద్ధమైంది, ప్రసారం మాత్రం 2008 అక్టోబరు 15న మొదలైంది. ఆ పదేళ్లూ మహిళలు క్యాసెట్ల మీద రికార్డు చేసి సంఘం సమావేశాల్లో వినిపించారు. లైసెన్సు వచ్చేసరికి గొంతులూ సిద్ధం, కార్యక్రమాలూ సిద్ధం. ఒంటరిగా రేడియో నడపాలనుకునేవాళ్లు అన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పని ఇదేనని నా గట్టి నమ్మకం.

ఇక సామాను. నిబంధన ప్రకారం యాంటెన్నా నుంచి వెలువడే శక్తి మామూలుగా 100 వాట్లు దాటకూడదు, యాంటెన్నా నేల నుంచి 15 మీటర్లకి తగ్గకూడదు, 30 మీటర్లకి మించకూడదు. అంటే 50 వాట్ల ట్రాన్స్‌మిటర్ సరిపోతుంది. ఇంట్లో కట్టింది ఎందుకు పనికిరాదంటే, పీఎల్‌ఎల్ (ఫ్రీక్వెన్సీని కదలకుండా పట్టి ఉంచే సర్క్యూట్) లేని ఆసిలేటర్ (తరంగాన్ని పుట్టించే భాగం) మధ్యాహ్నం వేడెక్కితే ఫ్రీక్వెన్సీ నుంచి జారిపోతుంది. మీకిచ్చింది 90.4 మెగాహెర్ట్జ్ అనుకుంటే, ఫిల్టర్ లేకపోతే దానికి రెట్టింపైన 180.8లోనూ కూస్తుంది. ఎఫ్‌ఎం బ్యాండు 108 దగ్గర అయిపోయాక విమానాల బ్యాండు అక్కడే మొదలవుతుంది, దారితప్పిన సిగ్నల్ అందులో పడుతుందేమోనన్నదే అధికారుల భయం.

డబ్బు ఎక్కువ పెట్టాల్సింది స్టూడియోలో కాదు, ట్రాన్స్‌మిటర్ నుంచి యాంటెన్నాకి వెళ్లే కేబుల్ మీద. 40 మీటర్ల సన్న ఆర్‌జీ-58 రకం కేబుల్ వేస్తే 50 వాట్లలో పైకి చేరేది 11 లేదా 12. ఆర్‌జీ-213 అయితే 27 దాకా. అర అంగుళం ఫోమ్ కేబుల్ వేస్తే 40. కేబుల్‌లో మిగుల్చుకుని ట్రాన్స్‌మిటర్ పెద్దది కొనడం దండగ ఖర్చు.

డైపోల్ (రెండు చేతుల యాంటెన్నా) కొలత: 300ని 90.4తో భాగిస్తే తరంగం పొడవు 3.32 మీటర్లు. అందులో సగం తీసుకుని 0.95తో హెచ్చిస్తే 1.58, అంటే ఒక్కో చెయ్యి 79 సెంటీమీటర్లు. మాస్టు పక్కకి బిగించాల్సి వస్తే కనీసం 80 సెంటీమీటర్ల దూరం వదలండి, జనం ఎక్కువున్న ఊళ్ల వైపే పెట్టండి. కేబుల్‌ని డైపోల్ నుంచి లంబంగా కొంతదూరం తీసుకొచ్చాకే కిందికి దించాలి. ఆనించి దించితే కేబుల్ తొడుగు కూడా యాంటెన్నాలో భాగమై, రేడియో శక్తి స్టూడియోలోకి దిగి మిక్సర్‌లో గరగర మొదలవుతుంది. యాంటెన్నా గానీ డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు శక్తిని వేడిగా మార్చేసే పరికరం) గానీ తగిలించకుండా ట్రాన్స్‌మిటర్ ఆన్ చెయ్యొద్దు, చివరి ట్రాన్సిస్టర్ కాలిపోతుంది.

పిడుగు విషయంలో చాలామంది చేసే తప్పు మాస్టుకో ఎర్త్ గుంత, స్టూడియోకో గుంత తవ్వి రెండూ కలపకపోవడం. పిడుగు పడ్డప్పుడు ఆ రెండు గుంతల మధ్య వచ్చే వోల్టేజి తేడా మిక్సర్ మీదుగా పోతుంది. రెండింటినీ రాగి పట్టీతో కలపాలి, కేబుల్ గదిలోకి వచ్చేచోట సర్జ్ అరెస్టర్ (పిడుగు వోల్టేజిని ఎర్త్‌లోకి మళ్లించే పరికరం) పెట్టాలి, వేసవిలో గుంతల్లో నీళ్లు పొయ్యాలి.

కరెంటు లెక్క: ట్రాన్స్‌మిటర్, కంప్యూటర్, మిక్సర్ కలిసి సుమారు 250 వాట్లు. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ మూడున్నర, నాలుగు గంటలు లాగుతుంది. ఇన్వర్టర్ ప్యూర్ సైన్‌వేవ్ కావాలి, స్క్వేర్‌వేవ్‌ది పెడితే గొంతు వెనక హమ్మింగు పోదు. వ్యవసాయ మోటార్లు ఆన్ అయ్యే వేళ వోల్టేజి పడిపోతుంది కనుక స్టెబిలైజర్ కూడా అవసరం.

శబ్దానికి ఖరీదైన మైకు అక్కర్లేదు. మామూలు డైనమిక్ మైకు నోటికి జానెడు లోపు దూరంలో, గోడలకి బొంతలు. కోడిగుడ్ల అట్టలు దాదాపు ఏమీ పీల్చవు. ట్రాన్స్‌మిటర్‌లో ప్రీ-ఎంఫసిస్ (సన్నని శబ్దాలను పెంచి పంపే అమరిక) 50 మైక్రోసెకన్లకి పెట్టండి. అమెరికా మార్కెట్‌కి చేసినవి 75లో వస్తాయి, అలాగే వదిలేస్తే "స", "ష"లు చెవిలో గుచ్చుతాయి. మాటల కార్యక్రమాలకి స్టీరియో వద్దు. మోనోలో దూరపు ఊళ్లకి హిస్ బాగా తగ్గుతుంది.

చివరిగా, మీకు జ్వరం వస్తే స్టేషన్ ఆగకుండా రెండో మనిషికి పని నేర్పండి. ట్రాన్స్‌మిటర్ పక్కన గోడకి కాగితం అంటించండి: ఆన్ చేసే వరస, ఆఫ్ చేసే వరస, రోజూ రాయాల్సిన ఫార్వర్డ్ (యాంటెన్నా వైపు వెళ్లే), రిఫ్లెక్టెడ్ (వెనక్కి తిరిగొచ్చే) వాట్లు. 50 వాట్లకి రిఫ్లెక్టెడ్ 2 వాట్ల లోపు ఉంటే మంచిదే. వాన కురిసిన మర్నాడు అది 5 దాటిందంటే కనెక్టర్‌లో నీళ్లు చేరినట్టే. ట్రాన్స్‌మిటర్ ఆపి, ముందు పైన యాంటెన్నా దగ్గరి కనెక్టర్ విప్పి చూడమనండి.