గొంతు లేని పుస్తకం కొనకు

చి. బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు ఫ్రెంచి మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెబితే పొంగిపోయాను. ఏడు పుస్తకాలు ఏరి పెట్టుకున్నావని ఆ వెంటనే చెప్పింది. అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. ఏడెందుకే నీకు? ఒక పాఠ్యపుస్తకం, దాని జత అభ్యాసాల పుస్తకం, చిన్న నిఘంటువు. ఆర్నెల్ల దాకా ఇంకేం కొనకు.

అట్ట మీద ఏ1 అని ఉండాలి. భాష ఎంత వచ్చో చెప్పడానికి యూరప్ కౌన్సిల్ 2001లో అచ్చువేసిన ఆరు మెట్లలో అది మొదటిది, సీ2 చివరిది. అభ్యాసాల జవాబులు వెనక ఉన్నాయో లేదో చూసుకో, కొన్నిటికి విడిగా అమ్ముతారు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. నా మొదటి పుస్తకం ఎవరో వాడి వదిలేసింది. దానికి క్యాసెట్ జత ఉండేదని అట్ట మీదే రాసి ఉంది, అది మాత్రం లేదు. పుస్తకం ఉందిగా, పాటలు వింటామా ఏమిటి అనుకున్నాను. మనం తెలుగువాళ్ళం, రాసింది రాసినట్టే చదువుతాం. ఆర్నెల్లు అలాగే చదివాను, కంఠతా పట్టాను, మార్జిన్ల నిండా తెలుగులో ఉచ్చారణ రాసుకున్నాను. 'చాలా' అనే మాటకి 'బియోకౌప్' అని రాసుకున్నాను. అది 'బోకూ'. 'మంచి'కి 'బోన్' అన్నాను. అందులో నకారమే పలకదు, 'బోఁ' అని ముక్కులోకి పోతుంది. మనం వదిలేసిన అరసున్నా అక్కడ పనికొస్తుందని నాకెవరు చెప్పాలి?

ఒకరోజు ఒక ఫ్రెంచావిడ ఎదురుపడింది. నా ఆర్నెల్ల చదువూ పోగేసి 'వాళ్ళు మాట్లాడతారు' అనే మాటతో ఒక వాక్యం చెప్పాను, 'ఇల్ పార్లెంట్' అని. ఆ చివరి మూడక్షరాలు, ఈ-ఎన్-టీ, రాయడానికే గానీ పలకడానికి కాదు. 'అతను మాట్లాడతాడు' అన్నా 'వాళ్ళు మాట్లాడతారు' అన్నా చెవికి ఒకటే, 'ఇల్ పార్ల్'. ఆవిడ నవ్వలేదు. నేను మాట్లాడుతున్నది ఏ భాషో మర్యాదగా అడిగింది, తర్వాత ఇంగ్లీషులోకి మారిపోయింది. నవ్వినా బాగుండేదే! ఆ తర్వాత ఏడాది పాటు ఎవరి ముందూ నోరు తెరవలేదు. చదవగలను, రాయగలను, ఎవరన్నా పలకరిస్తే గొంతు పట్టేసేది. నీకు చిన్నప్పటి నుంచే నలుగురిలో మాట్లాడాలంటే బెరుకు. అందుకే ఇంత రాస్తున్నాను, కోపగించుకోకు.

కాబట్టి కొనేముందు ఆ పుస్తకం ఆడియో తెరిచి ఒక పాఠం విను. లింకు పనిచేయకపోతే అది ఎంత గొప్ప పుస్తకమైనా వదిలెయ్. తొంభై తొమ్మిదిని వాళ్ళు 'నాలుగు ఇరవైలూ పంతొమ్మిదీ' అంటారు. కాయితం మీదైతే తీరిగ్గా కూడుకోవచ్చు, చెవిన పడ్డప్పుడు అంత సేపెక్కడిది? పాతది దొరికితే సంభాషణల్లో డబ్బు చూడు. ఫ్రాంకులు లెక్కపెడుతున్నారంటే అది 2002లో యూరో నోట్లు రాకముందుది. వ్యాకరణం చెడిపోదుగానీ దాని క్యాసెట్ ఏ అటక మీదుందో!

నిఘంటువులో ప్రతి నామవాచకం పక్కనా ఆడో మగో గుర్తుండాలి. మనకి బల్లా పుస్తకం రెండూ 'అది'. వాళ్ళకి బల్ల ఆడది, పుస్తకం మగది. పుస్తకాన్ని 'లీవ్ర్' అంటారు. దాన్నే ఆడది చేశావా, పుస్తకం కాస్తా తూకం వేసే పౌనైపోతుంది.

నీ ఏడింటిలో పిల్లల కథల పుస్తకం ఉందట. నేనూ అదే చేశాను. ఫ్రెంచి రచయిత పెరో 1697లో అచ్చువేసిన కథలు, పిల్లలవే కదా అని. వాటిలో చాలా క్రియలు మాటల్లో ఎవరూ వాడని భూతకాలంలో ఉంటాయి. అది నేర్చుకుని మాట్లాడితే గ్రాంథికంలో కూరగాయలు బేరమాడినట్టుంటుంది. మొదటి మెట్టు వాళ్ళకని తేలిగ్గా రాసిన కథలుంటాయి, ఆడియోతో సహా. అవి తెచ్చుకో, అదీ ఆర్నెల్ల తర్వాతే.

పుస్తకం రాగానే ఫోన్ చెయ్. మొదటి పాఠం ఆడియో నాకూ వినిపించు, ఇద్దరం విందాం. నన్ను మాత్రం చదివి చూపించమనకు. ఆ 'బియోకౌప్' ఇంకా నా నాలుక చివరే ఉంది, నీకంటుకుంటుంది.

నీ పెద్దమ్మ